మీరు నా వైపే చూశారు

లిఫ్టుల తనిఖీ ఆఫీసు, మూడో అంతస్తు
మార్చి 9

మరదలా,

నువ్వు ఫారం మీద సంతకం పెట్టిన వేళావిశేషం, పది రోజుల్లో లైసెన్సు చేతికొచ్చింది. ఇంకో ఐదేళ్ళు నన్ను స్టీరింగు ముందు నుంచి లేపగలిగిన మొనగాడు లేడు.

ఈ కాలంలో ఉత్తరమేమిటి అంటావేమో. ఫోన్ చేస్తే మీ అక్క స్పీకరు పెట్టి మధ్యలో కూర్చుంటుంది. బావామరదళ్ళం నాలుగు మాటలు అనుకునే యోగం లేదు. నువ్వూ జవాబు ఆఫీసు అడ్రసుకే రాయి.

నీ సంగతే నాకు అర్థం కాదు. ఎండయితే సైకిలు, వానయితే బస్సు. పెద్ద కంటి ఆసుపత్రిలో అంత ఉద్యోగం చేస్తూ ప్యాంటు అంచులకి క్లిప్పులు పెట్టుకుని తిరుగుతావు. చిన్నప్పుడు సీటు వెనక పట్టుకుని పరిగెత్తి నీకు సైకిల్ నేర్పింది నేనే కాబట్టి తప్పు నాదే అనుకో. నా లెక్క సూటిగా ఉంటుంది. ఇంటి నుంచి ఆఫీసుకి కారులో ఇరవై రెండు నిమిషాలు. బస్సయితే రెండు మారాలి, గంటా పది. ఇక సైకిలంటావా, యాభై ఏడేళ్ళవాణ్ణి చెమటలు కక్కుతూ వెళ్ళి "మీ లిఫ్టు తాడు అరిగిపోయింది" అంటే, ముందు నీ టైరు చూసుకోమంటారు. పైగా మీ అక్క మోకాళ్ళు. ఆవిడ కోసమైనా కారు ఉండాలి.

నువ్విచ్చిన కంటి చుక్కలు రోజూ వేసుకుంటున్నాను. ఒత్తిడి కొంచెం ఉందన్నావుగా. మా ఆఫీసులో ఒత్తిడి లేనివాడెవడు!

ఈ వారం ఒక ఏడంతస్తుల భవనంలో లిఫ్టుకి తాళం వేయించాను. యజమాని నా చిన్ననాటి స్నేహితుడే. "ఒక్క సంతకమే కదరా" అన్నాడు. "ఒక్క సంతకమే, అందుకే పెట్టను" అన్నాను. మాటలు మానేశాడు. మానితే మానాడు.

నీ బావ


కంటి ఆసుపత్రి, పరీక్షల గది
ఏప్రిల్ 2

బావా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఆ లిఫ్టు సంగతి చదివాక మడిచి కోటు జేబులో పెట్టుకుని అలాగే తిరిగాను. పని ఎక్కువగా ఉండి జవాబు రాయలేదు.

నాదొక కోరిక. ఒక్క వారం బస్సులో వెళ్ళి చూడవూ? గంటా పది అని బెదరకు. కిటికీ పక్కన కూర్చుని పేపరు చదువుకోవచ్చు. నడక కలిసొస్తుంది. నీ వయసులో రోజంతా కూర్చునే ఉండటం గుండెకి మంచిది కాదు.

సరే, కారే అంటావా, అయితే చీకటి పడ్డాక నడపకు. వానలో నడపకు. నాలుగు దారులు కలిసే చోట ఆగి, తల పూర్తిగా తిప్పి, ఒకటికి రెండుసార్లు చూడు. ముఖ్యంగా ఎడమకి. ఇవి యాభై దాటినవాళ్ళందరికీ చెప్పే మాటలే, నీకని కాదు.

చుక్కలు మానకు. అక్కకి ఈ సలహాలేవీ చెప్పకు, అనవసరంగా కంగారు పడుతుంది.

మరదలు


లిఫ్టుల తనిఖీ ఆఫీసు
మే 6

మరదలా,

నీ మాట తీసెయ్యలేక బస్సెక్కాను. వారం కాదు, ఒక్క రోజు. ఆ ఒక్క రోజు నా జీవితంలోంచి కొట్టెయ్.

మొదటి బస్సు నా ముందే వెళ్ళిపోయింది. రెండోది నిండుకుండ. లోపలికి జరగండి జరగండి అని డ్రైవరు ఒకటే కేక. జరిగాను, ఎవరో ఒకావిడ పాదం మీద నిలబడ్డాను. "కళ్ళు కనబడవా?" అంది. కనబడతాయనడానికి స్వయానా నా మరదలి సంతకం ఉందని చెప్పబోయి ఊరుకున్నాను. దిగేటప్పుడు పక్కన ఇనప స్తంభం ఒకటి భుజానికి తగిలి, చేతిలో పెట్టె జారి, కొలత పనిముట్లన్నీ రోడ్డు పాలు. ఆఫీసుకి నలభై నిమిషాలు ఆలస్యం. మర్నాడు బుద్ధిగా కారెక్కాను.

కారు కూడా నా మీద అలిగినట్టుంది. మొన్న ఇంటి గేటు దగ్గర ఎడమ అద్దం గోడకి రాసుకుంది. అంతకు ముందు వారం మార్కెట్ దగ్గరా అంతే. గోడలు ఈ మధ్య ముందుకు జరుగుతున్నాయని మీ అక్కతో అన్నాను. నవ్వలేదు.

నీ బావ


కంటి ఆసుపత్రి, పరీక్షల గది
మే 15

బావా,

రెండుసార్లూ ఎడమ అద్దమేనా? గోడ ముందే కనబడిందా, తగిలాక తెలిసిందా? జోకులు వెయ్యకుండా రాయి.

ఈ నెలలోనే ఒకసారి ఇక్కడికి రా. ఒత్తిడి మళ్ళీ చూద్దాం. కారులో కాదు, రైల్లో రా. స్టేషనుకి నేనొస్తాను.

మరదలు


లిఫ్టుల తనిఖీ ఆఫీసు
జూన్ 20

మరదలా,

రమ్మన్నావు, రాలేదు. ఇక్కడొక చిన్న గొడవ జరిగింది. మీ అక్క ఫోన్లో చెప్పే ఉంటుంది. ఆవిడ చెప్పింది నమ్మకు, గోరంతది కొండంత చేస్తుంది.

జూన్ రెండో తారీకు, పొద్దున తొమ్మిదిన్నర. మా వీధి దాటాక సిగ్నల్ లేని కూడలి ఉందే, మందుల షాపు దగ్గర, అక్కడ. నువ్వు చెప్పినట్టే ఆగాను. అటూ ఇటూ చూశాను. రోడ్డు ఖాళీ. కదిలాను. ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో, ఒక సైకిల్ మనిషి ఎడమ పక్క బానెట్ మీద పడ్డాడు. కారు మెల్లగానే ఉంది కాబట్టి సరిపోయింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. దర్జీ అట. ఆసుపత్రి వాళ్ళ యూనిఫారాలు కుడతాడు. కుట్టిన బట్టల మూట విప్పుకుపోయి తెల్లకోట్లన్నీ రోడ్డు మీద పరుచుకున్నాయి. నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మందుల షాపువాళ్ళు, చూసినవాళ్ళు అందరూ ఒకటే మాట: కారు నిదానంగా వస్తోంది, ఇతనే తొందరపడ్డాడు అని. పోలీసులూ అదే రాసుకున్నారు.

అక్కడితో అయిపోతే రాసేవాణ్ణి కాదు.

పోయిన ఆదివారం అతను మా ఇంటికొచ్చాడు. చేతికి పిండికట్టు. ఎడం చేతిలో నా కారు అద్దం మూత, ఆ రోజు ఊడిపడింది. తుడిచి, కాగితంలో చుట్టి తెచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "తప్పు నాదే సార్, మన్నించండి. మీరు తల తిప్పి నా వైపే చూశారు. చూశారు కదా, ఆగుతారనుకుని తొక్కేశాను. అలా అనుకోవడమే నా పొరపాటు" అన్నాడు.

నేను కుర్చీలోనే కూర్చుని, "పర్లేదులే, ఇకనైనా జాగ్రత్తగా తొక్కు" అన్నాను. మంచిగానే అన్నాను. మీ అక్క మంచినీళ్ళిచ్చింది, తాగి వెళ్ళాడు.

తప్పు అతనిదేనని అతనే ఒప్పుకున్నాక ఇంక నాకెందుకు బాధ? అయినా ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు. నేను చూశానట. నేను చూసింది ఖాళీ రోడ్డు.

నీ బావ


కంటి ఆసుపత్రి, పరీక్షల గది
జూన్ 27

బావగారికి,

మిమ్మల్ని నువ్వు అని రాసే అర్హత ఈ ఉత్తరంలో నాకు లేదు.

ఆ దర్జీ గారు ఎక్కడి నుంచీ ఊడిపడలేదు. ఆయన అక్కడే ఉన్నారు. మీరు ఆయన వైపే చూశారు. మీకు కనబడలేదు.

మీ జబ్బుని నీటికాసులు అంటారు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపుని అంచుల నుంచి తినేస్తూ వస్తుంది. ఎదురుగా ఉన్న అక్షరాలు చిన్నవైనా చదవగలుగుతారు, అందుకే ఏమీ లేదనిపిస్తుంది. పోయిన చోట నల్లగా కూడా ఉండదు. అక్కడ గోడా, మనిషీ ఏదీ లేనట్టు, ఖాళీగా ఉంటుంది. మీకు రెండు కళ్ళలోనూ ఉంది. ఎడమ పక్క చాలా పోయింది. ఫిబ్రవరిలో ఆ గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా మీట నొక్కారు కదా, ఆ కాగితం చూసినప్పుడే నాకు తెలిసింది. డాక్టరు గారు చుక్కలు రాశారు. లైసెన్సు ఫారం నింపాల్సింది మాత్రం నేను. "పక్క చూపు సరిపోతుంది" అని రాసి సంతకం పెట్టాను.

ముందు రోజు అక్క ఫోన్ చేసి, "కారు పోతే మీ బావ మంచం పడతాడే" అంది. అది సాకు. అసలు సంగతి, మీ ముఖం చూస్తూ ఆ మాట చెప్పలేకపోయాను. నాన్న పోయాక నన్ను అదే కారులో పరీక్ష హాలు దాకా దింపి, మూడు గంటలూ బయట ఎండలో నిలబడ్డ మనిషి మీరు. గదిలోకి వస్తూనే "ఏం మరదలా, పాస్ చేస్తావా?" అని నవ్వారు. పాస్ చేసేశాను.

తర్వాత బస్సెక్కమని, గుండెకి మంచిదని, ఏవేవో రాశాను. మింగలేక కక్కలేక రాసిన మాటలవి. ఆ రెండో అద్దం సంగతి తెలిసినప్పుడైనా రైలెక్కి వచ్చి చెప్పాల్సింది. రాలేదు. అప్పటికి ఆ దర్జీ గారి చెయ్యి బాగానే ఉంది.

దయచేసి ఈ ఉత్తరం అందిన క్షణం నుంచి కారు తియ్యకండి. మా పెద్ద డాక్టరు గారికి సోమవారం అంతా చెప్పేస్తాను.

మీ మరదలు


లిఫ్టుల తనిఖీ ఆఫీసు
జూలై 10

పైన ఏమని పిలవాలో తెలియక వదిలేశాను.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో, తెగుతుందని తెలిసిన తాడుకి ఒక్కసారి సంతకం పెట్టలేదు. స్నేహితుడని పెట్టలేదు, పై అధికారి చెప్పాడని పెట్టలేదు. నువ్వు నాకు పెట్టావు. పెట్టి, నాలుగు నెలలు నన్ను జనం మీదకి వదిలావు. "నీకు కనబడదు." రెండు మాటలు. ఇన్ని కాగితాలు నింపావు గానీ ఆ రెండు మాటలు రాయలేకపోయావు.

ఆ మనిషి నా గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు. అది నీకు చూపించాలనుంది.

కారు తాళాలు మీ అక్కకిచ్చేశాను. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఇక ఉత్తరాలు రాయకు.


లిఫ్టుల తనిఖీ ఆఫీసు
జూలై 21

మరదలా,

రాయొద్దన్నదీ నేనే, మళ్ళీ రాస్తున్నదీ నేనే. నువ్వు నవ్వినా పడతాను.

పోయిన ఉత్తరంలో నిన్ను కడిగేశాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నీ మీద అంత కేకలెందుకు వేశానో నాకు తెలుసు.

ఆ యంత్రంలో పరీక్ష పెట్టినప్పుడు మధ్యలో ఉన్న నారింజ రంగు దీపాన్నే చూడాలి, కళ్ళు కదపకూడదు అన్నావు. నేను కదిపాను. ఎడమ పక్క ఎంతసేపటికీ చుక్కలు రాకపోతుంటే అనుమానమొచ్చి, నువ్వు కాగితాలు సర్దుకుంటున్నప్పుడు కళ్ళు అటు తిప్పి వెతుక్కుని మరీ నొక్కాను. కొన్ని అసలు కనబడకుండానే నొక్కాను. దొంగ పాసు నేను అడిగాను, నువ్విచ్చావు. ఏడాదిగా తలుపులకి గుద్దుకుంటున్నాను. ఎడం చేతి పక్కన పెట్టిన గ్లాసులు ఒలకబోస్తున్నాను. మీ అక్క కోప్పడితే ధ్యాస లేదన్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, నేను తెలుసుకోకపోతే లేనట్టే అనుకున్నాను.

మీ అక్కకి మొత్తం చెప్పాను, నీ ఉత్తరాలు కూడా చదివించాను. చదివి, ఒక్కొక్కటే మడిచి పెట్టింది. తర్వాత, "ఇద్దరూ కలిసి నన్ను గుడ్డిదాన్ని చేశారు" అంది. కారు నీ మోకాళ్ళ కోసమే ఉంచానని ఏదో అనబోయాను. "నా మోకాళ్ళని అడ్డం పెట్టుకోకండి. బస్సెక్కగలవా అని ఒక్కనాడైనా అడిగారా?" అంది. అడగలేదు.

ఆ తర్వాత పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. లైసెన్సు కూడా అక్కడే ఇచ్చేశాను. అక్కడి నుంచి నడిచి దర్జీ షాపుకి వెళ్ళాను. చిన్న గది. ఆయన స్టూలు మీద కూర్చుని కొలతలు చెబుతుంటే, ఆయన భార్య గుడ్డ కత్తిరిస్తోంది. ఆవిడకి కత్తెర కొత్తలాగుంది, సుద్దగీత దాటిపోతోంది. ఆయన ఎడం చెయ్యి ఊరికే గాల్లో కదులుతోంది, ఇలా కాదు ఇలా అన్నట్టు.

నిలబడే చెప్పాను. తప్పు మీది కాదు, మీరు నాకు కనబడలేదు, కనబడదని నాకు లోపల తెలుసు, అయినా నడిపాను అని.

ఆయన కోప్పడతాడనుకున్నాను. చాలాసేపు నా కళ్ళలోకి చూశాడు. "చెయ్యి విరిగినందుకు నేనేమీ అనను సార్. విరుగుతాయి, అతుక్కుంటాయి. కానీ ఆ రోజు మీ ఇంటికొచ్చి మన్నించమన్నాను. అంతకు ముందు రెండు వారాలు, నా వల్ల ఒక పెద్దమనిషి ఇబ్బంది పడ్డాడే అని నిద్రపోలేదు. మీరు కూర్చుని పర్లేదులే అన్నారు. ఆ మన్నించమన్న మాట తిరిగి నా నోట్లోకి ఎలా తీసుకోను?" అన్నాడు.

ఆయన భార్య, "ఇంక వెళ్ళండి, ఆయనకి పని ఉంది" అంది. వచ్చేశాను.

బావ


కంటి ఆసుపత్రి, వరండా
ఆగస్టు 30

బావా,

నీ ఉత్తరం చదివి, మళ్ళీ నువ్వు అని రాయాలనిపించింది. రాసేస్తున్నాను.

పైన పరీక్షల గది అని కాకుండా వరండా అని ఎందుకుందో చెబుతాను. పెద్ద డాక్టరు గారు అంతా విన్నారు. అరవలేదు. "రెండేళ్ళలో నువ్విచ్చిన సర్టిఫికెట్లన్నీ తియ్యి" అన్నారు. నూట పద్నాలుగు. అందరినీ పిలిచి మళ్ళీ పరీక్షలు చేశారు. నన్ను గదిలోకి రానివ్వరు. బయట బల్ల వేసుకుని పేర్లు పిలిచే పని ఇచ్చారు. సంతకం పెట్టే అధికారం పోయింది, మళ్ళీ ఇస్తారో లేదో తెలియదు. ఒక ముసలాయన మూడు బస్సులు మారి వచ్చి, "మళ్ళీ ఎందుకమ్మా, బాగానే ఉందన్నావుగా?" అని నన్నే అడిగాడు. నా తప్పు వల్ల అని చెప్పాను. "పోనీలే" అంటూ నా తల మీద చెయ్యి పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నిన్నటికి అందరివీ అయిపోయాయి. నీది తప్ప అన్నీ సరిగ్గానే ఉన్నాయట. డాక్టరు గారు ఊరట కలిగించే మాటే అనుకుని చెప్పారు. నాకు ఊరట కలగలేదు. పని చేతకాక చేసిన తప్పు కాదని తేలింది కదా.

నువ్వు కళ్ళు కదిపిన సంగతి నాకు తెలుసు బావా. ఎన్నిసార్లు చూపు తప్పిందో ఆ యంత్రం పక్కన అంకె వేస్తుంది. చూశాను. నువ్వు మోసం చేశావనీ తెలుసు, అంత మోసం చేసినా ఎడమ పక్క చాలలేదనీ తెలుసు. కాబట్టి సగం తప్పు నీదని నా భారం తగ్గించకు.

దర్జీ గారికి నేనూ ఉత్తరం రాశాను. జవాబు ఆశించి రాయలేదు అని ఇక్కడ రాయబోయాను. ఆశించే రాశాను. రాలేదు.

మరదలు


లిఫ్టుల తనిఖీ ఆఫీసు, మూడో అంతస్తు
నవంబరు 30

మరదలా,

మూడు నెలల తర్వాత రాస్తున్నాను. చెప్పుకోదగ్గది ఏదైనా జరిగాక రాద్దామని ఆగాను.

కారు అమ్మేశాం. ఇప్పుడు పొద్దున ఏడూ పదికి మొదటి బస్సు. అది బయల్దేరే స్టాపు దాకా నడిచెళ్ళి ఎక్కుతాను కాబట్టి సీటు దొరుకుతుంది. అక్కడి మెట్లు, స్తంభాలు చేతికి అలవాటయ్యాయి. ఎడమ పక్కన ఎవరైనా ఉన్నారేమో అని దిగేముందు తల పూర్తిగా తిప్పి, ఆగి, మళ్ళీ చూస్తాను. వెనకవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ. శనివారాలు మీ అక్క కూడా వస్తుంది. మెట్టెక్కడానికి నా భుజం పట్టుకుంటుంది, దిగడానికి నేను ఆవిడ భుజం పట్టుకుంటాను.

సెప్టెంబరులో ఒక రోజు నాలుగో స్టాపులో దర్జీ గారు ఎక్కారు. చేతికి పట్టు రాక సైకిల్ మానేసి బస్సులో వెళ్తున్నారట, కండక్టరుతో అంటుంటే విన్నాను. నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు. అప్పటికి సీట్లు నిండిపోయాయి. చంకలో మూట, ఎడం చేత్తో పై కడ్డీ పట్టుకుని, బ్రేకు పడ్డప్పుడల్లా ఊగిపోతూ నిలబడ్డారు.

మర్నాడు ఆ స్టాపు రాకముందే నేను లేచి నిలబడ్డాను. ఆయన ఎక్కి, ఖాళీ సీటు చూసి, పక్కన నన్ను చూసి, కూర్చోలేదు. ఇంకెవరో కూర్చున్నారు. ఆ మర్నాడూ అంతే. వారం రోజులు రోజుకొకరు నా సీట్లో కూర్చున్నారు, మేమిద్దరం నిలబడ్డాం. ఎనిమిదో రోజు బ్రేకు గట్టిగా పడి మూట జారింది. వంగి తీసుకున్నారు. తీసుకుని, నా వైపు చూడకుండా ఆ సీట్లో కూర్చున్నారు.

అప్పటి నుంచి రోజూ అంతే. నేను లేవడం, ఆయన కూర్చోవడం. ఒక్క మాట లేదు. రెండు నెలలు. మీ అక్క ఒక శనివారం చూసి, "ఆయన క్షమించాడంటారా?" అంది. "సీటు తీసుకున్నాడు, అంతే" అన్నాను. ఇంకేదైనా అనుకోవడానికి నాకు హక్కు లేదు.

పోయిన గురువారం ఆయన దిగబోతూ ఆగారు. బస్సులో మొదటిసారి నా ముఖంలోకి చూసి, "రేపట్నుంచి మళ్ళీ సైకిల్ మీద వెళ్తాను. చేతికి పట్టు వచ్చింది. మీరు కూర్చోండి" అన్నారు. తలుపు మూసుకుంది.

శుక్రవారం నాలుగో స్టాపు వచ్చింది. కాళ్ళు వాటంతటవే లేచాయి. ఆయన ఎక్కలేదు. "ఖాళీయే కదండీ, కూర్చోండి" అని వెనక నుంచి ఎవరో అన్నారు. కూర్చోలేకపోయాను. బస్సు మారే దాకా ఆ సీటుని చూస్తూ నిలబడ్డాను. శనివారం కూడా అంతే. మీ అక్క చెయ్యి పట్టుకుని లాగినా కూర్చోలేదు.

ఇవాళ నాలుగో స్టాపులో లేవలేదు, మరదలా. ఆయన కూర్చోమన్నారుగా, కూర్చునే ఉన్నాను.

బావ